నచ్చింది సబ్జెక్టా, చెప్పిన మాస్టారా?

"బడిలో నాకు జీవశాస్త్రమంటే ప్రాణం. ఇన్నేళ్ళ తరవాత ఆలోచిస్తే, నాకు నచ్చింది ఆ శాస్త్రమా, దాన్ని చెప్పిన టీచరుగారా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మీకు కూడా అలాంటి సబ్జెక్టు ఉందా? ఆవిడకు ఇప్పుడు ఉత్తరం రాస్తే బాగుంటుందా?" అని మీరు అడిగారు. నేను 34 ఏళ్ళు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి విరమించుకున్నవాణ్ణి. అంతకు ముందు పదేళ్ళు బెంచీ మీద కూర్చున్నాను కాబట్టి, బోర్డుకు ఈ వైపూ ఆ వైపూ కూడా చూశానని చెప్పుకోగలను.

నా అనుభవంలో తేలిందేమిటంటే, ఇష్టమైన సబ్జెక్టు అని మనం చెప్పుకునేది చాలాసార్లు మొత్తం సబ్జెక్టు కాదు; అందులో ఏదో ఒక చిన్న సంగతిని మనంతట మనమే కనిపెట్టిన ఒకానొక రోజు. ఆ సంగతి లోకానికి వందల ఏళ్ళుగా తెలిసినదే అయినా, ఆ రోజు మనకు మాత్రం కొత్తది. ఆ రోజు వచ్చేలా దారి తీసి, తెలిసిన జవాబును నాలుక చివరే ఆపుకొని, పక్కకు తప్పుకున్న మనిషే మనకు గుర్తుండే మాస్టారు. అందువల్ల మీరు వేసిన ప్రశ్నలోని రెండు ముక్కలనూ విడదీయడం అంత తేలిక కాదు.

ముందుగా నా లెక్కల మాస్టారి సంగతి చెబుతాను. ఆయన ఏడో తరగతిలో ఒక రోజు పిరియడు మొదలవగానే బోర్డు మీద ఒకటి అని రాశారు. దాని కింద ఒకటి, మూడు కలిపితే నాలుగు అని రాశారు. దాని కింద ఒకటి, మూడు, అయిదు కలిపితే తొమ్మిది అని, ఆ కింద ఏడు కూడా కలిపితే పదహారు అని రాసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుండిపోయారు. బేసి సంఖ్యలను వరసగా కలుపుకుంటూ పోతే ఎప్పుడూ వర్గ సంఖ్యే ఎందుకు వస్తోందో చెప్పమన్నారు. ఎవరూ చెప్పలేదు. ఆయన కూడా చెప్పలేదు. మరునాడు వేరే పాఠం మొదలుపెట్టారు గాని, బోర్డు మీద ఒక మూల ఆ నాలుగు వరసలను చెరపనివ్వలేదు. మూడో రోజు వరండాలో నిలబడి నేల మీద పరిచిన చదరపు బండలను ఊరికే లెక్కపెడుతున్నప్పుడు నాకు అది కనబడింది. మూడేసి బండల చదరం నాలుగేసి బండల చదరం కావాలంటే ఒక పక్కన మూడు, కింద మూడు, మూలన ఒకటి, మొత్తం ఏడు బండలు చేర్చాలి. దాన్ని మళ్ళీ పెంచాలంటే నాలుగు, నాలుగు, ఒకటి, వెరసి తొమ్మిది. ప్రతిసారీ చేర్చవలసిన బండలు రెండేసి చొప్పున పెరుగుతున్నాయి. అంటే అవే ఆ బేసి సంఖ్యలు. పరుగెత్తుకుంటూ వెళ్ళి చెబితే ఆయన "మరి మొదటి బండ సంగతేమిటి?" అని అడిగారే తప్ప శభాష్ అనలేదు. అప్పట్లో ఆ మాటకు కొంచెం చిన్నబుచ్చుకున్నాను. ఒక్క బండ కూడా చదరమేనని, మొదటి బేసి సంఖ్య అదేనని గ్రహించడానికి ఇంకో పూట పట్టింది.

తరవాతి రోజుల్లో నేనూ మాస్టారినయ్యాక, ఆయన చేసిన పని ఎంత కష్టమో తెలిసింది. జవాబు తెలిసి కూడా ఊరుకోవడం మనిషి స్వభావానికి విరుద్ధం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల సంభాషణలను రికార్డు చేసి విన్నప్పుడు, ప్రశ్న అడిగిన ఉపాధ్యాయులు సగటున ఒక సెకను అయినా ఆగకుండానే మళ్ళీ అందుకుంటున్నారని తేలింది. అదే సమయాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, జవాబు చెప్పనివారి సంఖ్య తగ్గింది, పిల్లలు తమంతట తాము ప్రశ్నలు అడగడం పెరిగింది. మూడు సెకన్లంటే ఏముంది అనుకుంటారేమో, నలభై మంది మీ మొహం వంకే చూస్తుండగా ఆ మూడు సెకన్లూ నోరు విప్పకుండా నిలబడి చూడండి. నేను మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకొనేవాణ్ణి. మొదటి ఏడాదంతా రెండు దాటకముందే జవాబు నోరు జారిపోయేది.

తాను పుట్టించిన జవాబు ఇతరులు చెప్పిన జవాబు కన్నా ఎక్కువ గుర్తుంటుందన్నది కూడా ఊరికే అనుకొనే మాట కాదు. స్లమెకా, గ్రాఫ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో ప్రకటించిన ప్రయోగాల్లో, జంట పదాలను చదివినవారికన్నా, రెండో పదానికి మొదటి అక్షరం మాత్రమే చూసి మిగతాది తామే పూరించుకున్నవారికి ఆ పదాలు మెరుగ్గా గుర్తున్నాయి. ఒక్క పదాన్ని పూరించుకుంటేనే ఇంత తేడా ఉన్నప్పుడు, మూడు రోజులు వెంటాడిన బండల లెక్క యాభై ఏళ్ళు గుర్తుండడంలో వింతేమీ లేదు.

అయితే నాకు అన్నిటికన్నా ఇష్టమైన సబ్జెక్టు లెక్కలు కాదని చెబితే మీకు నవ్వు రావచ్చు. తెలుగు. అందులోనూ ఛందస్సు, అంటే పద్యాల కొలతలు చెప్పే పాఠం, చాలామంది పరీక్ష అయిన మరునాడే మరిచిపోవాలనుకునే భాగం. మా తెలుగు మాస్టారు పద్యం చదివితే అర్థం తెలియకపోయినా వినాలనిపించేది; ఆ గొంతు సంగతి రాయడం నా చేతకాదు కాబట్టి వదిలేస్తాను. ఆయన తొమ్మిదో తరగతిలో బోర్డు మీద "యమాతారాజభానసలగం" అని ఒకే మాటగా రాసి, ఇందులో ఎనిమిది గణాలూ (పద్యాన్ని కొలిచే మూడేసి అక్షరాల జట్లు) దాక్కుని ఉన్నాయి, వెతుక్కోండి అన్నారు. ఏ గణం కావాలంటే ఆ అక్షరంతో మొదలుపెట్టి మూడు అక్షరాలు తీసుకోవాలన్న సూచన ఒక్కటే ఇచ్చారు. య మొదలు తీసుకుంటే యమాతా, అంటే లఘువు (పొట్టిగా పలికే అక్షరం), గురువు (పొడుగ్గా పలికేది), గురువు. అది య గణం. న మొదలు తీసుకుంటే నసల, మూడూ లఘువులే; అది న గణం. మేము ఒక్కొక్కటే పట్టుకుంటూ చివరికి ఎనిమిదీ పట్టుకున్నాం. చివరన మిగిలిన ల, గం అక్షరాలు దేనికో అడిగితే, లఘువుకు ల, గురువుకు గ అని మీరే చెప్పుకున్నారు కదా అని నవ్వారు.

ఆ సాయంత్రం నేను ఈ వింతను లెక్కల మాస్టారికి చూపించాను. ఆయన కాసేపు దాన్ని తేరిపార చూసి, గణాలు ఎనిమిదే ఎందుకు ఉండాలి, ఇదే పనిని పది అక్షరాల కన్నా తక్కువలో చేయవచ్చా అని రెండు ప్రశ్నలు వేసి పంపించేశారు. మొదటిదానికి జవాబు తేలికే: ఒక్కో చోట గురువో లఘువో రెండు విధాలు, చోట్లు మూడు, రెండును మూడుసార్లు హెచ్చవేస్తే ఎనిమిది. రెండోదానికే తల గోక్కోవలసి వచ్చింది. ఎనిమిది గణాలూ మొదలవడానికి ఎనిమిది వేర్వేరు చోట్లు కావాలి. ఆఖరి గణం ముగియడానికి ఆ చోటు తరవాత ఇంకా రెండు అక్షరాలు కావాలి. కాబట్టి పదికి తగ్గితే కుదరదు. ఎవరు కూర్చారో గాని, ఒక్క అక్షరం కూడా వృథా పోకుండా, ఒక్క గణం కూడా రెండోసారి రాకుండా కూర్చిన మాట అది. తెలుగు పాఠంలో పుట్టిన ఆనందం లెక్కల్లోకి పాకిందో, లెక్కల్లోంచి తెలుగులోకి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. నేను ఉపాధ్యాయుణ్ణయ్యాక ప్రతి ఏడూ సంభావ్యత పాఠానికి ముందు ఈ సూత్రాన్ని బోర్డు మీద రాసేవాణ్ణి. తెలుగు చెప్పే సహోద్యోగులు కొందరు మా పాఠం మీరెందుకు చెబుతున్నారని విసుక్కొనేవారు కూడా.

ఉత్పలమాల పద్యానికి భ, ర, న, భ, భ, ర, వ అనే గణాలు (చివరి వ గణానికి లఘువు, గురువు రెండే అక్షరాలు), పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం, అంటే మొదటి అక్షరంతో జత కుదరవలసిన చోటు అని కంఠతా పట్టించి వదిలేసి ఉంటే నేనూ మరిచిపోయేవాణ్ణే. మా మాస్టారు మాత్రం ఇంటి దగ్గర ఒక్కటంటే ఒక్క పాదం సొంతంగా రాసుకు రమ్మన్నారు. రాత్రి చాలాసేపు వేళ్ళ మీద లెక్కించుకుంటూ, ఒక మాటకు దీర్ఘం ఉన్నందుకు తిట్టుకుంటూ, ఇంకో మాటకు సున్న లేనందుకు బాధపడుతూ ఏదో రాశాను. ఆయన దాన్ని చదివి, గణాలు సరిపోయాయి, యతి కూడా సరిపోయింది, ఇక కవిత్వం ఒక్కటే మిగిలిందన్నారు. ఆ రోజు నుంచి పద్యం చదివిన ప్రతిసారీ, అంత ఇరుకు గదిలో అంత స్వేచ్ఛగా ఎలా తిరగగలిగారా అని కవి మీద గౌరవం కలుగుతూనే ఉంది. స్వయంగా గోడకు తల తగిలించుకోనివాడికి ఆ గది ఇరుకు తెలియదు.

రసాయన శాస్త్రం టీచరుగారి దగ్గర జరిగినది వేరే రకం. ఆవిడ జవాబు ఆపుకోవడమే కాదు, మా చేత ముందుగా తప్పు జవాబు చెప్పించేవారు. పింగాణీ మూసలో మెగ్నీషియం రిబ్బను చుట్ట పెట్టి, తూచి, కాల్చితే వచ్చే తెల్లని బూడిద బరువు మొదటిదానికన్నా తగ్గుతుందా, పెరుగుతుందా, సమానంగా ఉంటుందా అని అడిగి, చేతులెత్తించి, ఎవరెవరు ఏమన్నారో బోర్డు మీద రాశారు. కట్టె కాలితే పిడికెడు బూడిదే మిగలడం చూసినవాళ్ళం కాబట్టి అందరం తగ్గుతుందనే అన్నాం. మూసను వేడి చేసి, చల్లారాక మళ్ళీ తూచినప్పుడు త్రాసు ముల్లు బరువు పెరిగిన వైపు మొగ్గిన క్షణం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. గాలిలోని ఆక్సిజన్ వచ్చి చేరిందని, 24 పాళ్ళ మెగ్నీషియానికి 16 పాళ్ళ ఆక్సిజన్ కలిసి 40 పాళ్ళ బూడిద అవుతుందని ఆవిడ ఆ తరవాతే చెప్పారు. కాలే వస్తువులోంచి ఏదో బయటికి పోతుందని పెద్ద పెద్ద పండితులే నమ్మిన కాలంలో, 1772లో ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజర్ గంధకాన్నీ భాస్వరాన్నీ కాల్చి బరువు పెరుగుతోందని గమనించాడన్న సంగతి కూడా చెప్పి, కాబట్టి మీ తప్పు గౌరవనీయమైన తప్పేనని ఓదార్చారు. తప్పుకు కూడా ఒక వంశం ఉంటుందని మొదటిసారి తెలిసింది అప్పుడే.

భూగోళం విషయంలో ఒక్క పాఠమే గుర్తుంది. గోడ మీది ప్రపంచ పటంలో గ్రీన్‌లాండు, ఆఫ్రికా దాదాపు ఒకే పరిమాణంలో కనబడేవి. మాస్టారు ఒక పాత రబ్బరు బంతిని కోసి, దాన్ని బల్ల మీద చదునుగా పరచమని మాకిచ్చారు. అది పరుచుకోదు, ఎక్కడో ఒకచోట చిరగాలి, లేదా సాగాలి. 1569లో మెర్కేటర్ అనే పటాల నిపుణుడు గీసిన పద్ధతిలో ధ్రువాల వైపు పోయేకొద్దీ పటం సాగుతుందని, నావికులకు దిక్కు తప్పకుండా ఉండడానికి ఆ మూల్యం చెల్లించవలసి వచ్చిందని, నిజానికి ఆఫ్రికా గ్రీన్‌లాండుకు సుమారు 14 రెట్లు పెద్దదని అప్పుడు తెలిసింది. ఆ మాస్టారు మిగతా ఏడాదంతా పుస్తకం చూసి చదివేవారు. ఒక్క బంతితో ఆయన నాకు గుర్తుండిపోయారు. చిత్రలేఖనం మాస్టారు కూడా అంతే, "నీకు తెలిసిన కుర్చీ కాదు, నీకు కనబడుతున్న కుర్చీ గీయి" అన్న ఒక్క మాటతో మిగిలారు.

చరిత్ర మాత్రం నాకు అయిదేళ్ళు శత్రువు. నోట్సు చెప్పడం, రాసుకోవడం, అప్పజెప్పడం, ఇంతే. అందులో నేను కనిపెట్టడానికి ఏమీ లేదు, జరిగిపోయింది కదా అనుకొనేవాణ్ణి. పదో తరగతిలో వచ్చిన కొత్త టీచరుగారు మొదటి రోజునే, తాను ముందుగా మాట్లాడి పెట్టుకున్న ఇద్దరు పిల్లల చేత తరగతిలో ఒక ఉత్తుత్తి గొడవ ఆడించి, ఏం జరిగిందో అందరినీ వేర్వేరుగా రాయమన్నారు. నలభై కాగితాల్లో ఏ రెండూ కలవలేదు. మొదట తోసిందెవరన్న దాని మీదే మూడు రకాల కథలు వచ్చాయి. పది నిమిషాల కిందటి సంగతికే ఇలా ఉంటే, వెయ్యేళ్ళ కిందటి శాసనాన్ని ఎలా చదవాలో ఇక ఆవిడ వేరుగా చెప్పనక్కరలేకపోయింది. ఒక సబ్జెక్టు మీది అయిష్టం ఒక్క పిరియడుతో విరిగిపోవడం నేను ఎరిగిన మేరకు అదొక్కసారే, అంత సులువుగా ఎప్పుడూ జరగదు. నా దగ్గర చదివిన పిల్లల్లోనూ లెక్కలను అలా అసహ్యించుకుని వెళ్ళినవారు ఉన్నారని నాకు తెలుసు.

మీ అనుమానంలో ఒక భాగం వయసుకు కూడా చెందుతుంది. నలభై దాటినవారిని మీ జీవితంలోని సంగతులు ఏవైనా చెప్పమంటే, పదో ఏటికీ ముప్పయ్యో ఏటికీ మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాసార్లు గమనించారు. బడి రోజులు ఆ కాలంలోనే పడతాయి కాబట్టి వాటికి కొంత మెరుగు దానంతట అదే వస్తుంది. కాని ఆ మెరుగు అందరు ఉపాధ్యాయులకూ సమానంగా పడదు. మీకు పాఠాలు చెప్పినవారు పాతికమందైనా ఉంటారు, గుర్తున్నవారు ముగ్గురో నలుగురో. మమ్మల్ని బాగా నవ్వించినవారు కొందరున్నారు. వారి పేర్లు గుర్తున్నాయి, చెప్పిన పాఠం ఒక్కటీ గుర్తులేదు. తరగతిని రంజింపజేయడమే మంచి బోధన అనేవారితో నేను అందుకే ఏకీభవించలేను.

గొప్ప ఉపాధ్యాయుడికి శిష్యుడికన్నా ఎక్కువ తెలిసి ఉండాలన్న నియమమూ లేదు. 1777లో పుట్టిన జర్మన్ గణితవేత్త గౌస్ చిన్న బడిలో చదువుతున్నప్పుడు అక్కడ సహాయకుడిగా ఉన్న మార్టిన్ బార్టెల్స్ అతనికన్నా ఎనిమిదేళ్ళే పెద్ద. ఇద్దరూ కలిసి కూర్చుని గణితం చదువుకున్నారు. అదే బార్టెల్స్ ఆ తరవాత కజాన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, రష్యన్ గణితవేత్త లొబచేవ్‌స్కీకి చదువు చెప్పాడు. అబ్దుల్ కలాం గారు తన అయిదో తరగతి ఉపాధ్యాయులు శివసుబ్రహ్మణ్య అయ్యర్ గారి గురించి అనేక సభల్లో చెప్పిన సంగతిలోనూ నాకు నచ్చేది పక్షి ఎగరడం గురించిన పాఠం కాదు, దాని తరవాత జరిగినది. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాక, అర్థం కాలేదని పిల్లలంటే, కోప్పడకుండా అందరినీ సముద్రపు ఒడ్డుకు తీసుకువెళ్ళి నిజం పక్షులను చూపించారట. తన పాఠం అందలేదని పిల్లల ఎదుట ఒప్పుకోవడానికి ఎంత నిబ్బరం కావాలో, 34 ఏళ్ళలో దాన్ని ఎన్నిసార్లు తప్పించుకున్నానో నాకు తెలుసు.

కాబట్టి మీ జీవశాస్త్రం విషయంలో ఇలా ఆలోచించి చూడండి. మీరు తలచుకున్నప్పుడు ముందుగా వచ్చేది ఆవిడ నవ్వా, చీర రంగా, లేక సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర కణాలు గోడ కట్టినట్టు వరసగా కనబడిన ఆ క్షణం లాంటిదేదైనానా? మొదటివి మాత్రమే వస్తే మీకు నచ్చింది ఆవిడ, అందులో తప్పేమీ లేదు. రెండోది కూడా వస్తే, ఆవిడా ఆ శాస్త్రమూ మీలో ఒక్కటైపోయారని అర్థం. ఇక విడదీసి చూసుకునే శ్రమ అనవసరం.

ఉత్తరం తప్పకుండా రాయండి. 1957లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ, తల్లి తరవాత తనకు తలపుకు వచ్చింది మీరేనని చిన్ననాటి ఉపాధ్యాయుడు లూయీ జెర్మేన్‌కు ఉత్తరం రాశాడు. తండ్రి యుద్ధంలో పోయి, తల్లి పాచిపనులు చేసే ఇంట్లో పెరుగుతున్న ఆ పిల్లవాణ్ణి పైచదువుల ఉపకారవేతనం పరీక్షకు తయారుచేసినది జెర్మేనే. బహుమతి సందర్భంగా చేసిన ప్రసంగాలను అచ్చు వేసినప్పుడు కూడా కామూ వాటిని ఆయనకే అంకితమిచ్చాడు. మనకు నోబెల్ బహుమతులు రావు గనక ఎదురుచూడవలసిన సందర్భమూ లేదు. ఒక్క సలహా: మీరు నా జీవితాన్ని మార్చారు వంటి వాక్యాలు తగ్గించండి. నాకు అలాంటి ఉత్తరాలు కొన్ని వచ్చాయి. సంతోషించాను గాని, ఏ పని మంచి పని అయిందో వాటి వల్ల తెలియలేదు. బోర్డు మీద ఫలానా బొమ్మ ఉంది, మీరు ఫలానా ప్రశ్న అడిగారు, నేను ఇలా అనుకున్నాను అని రాసిన ఒక్క ఉత్తరం మాత్రం బీరువాలో దాచుకున్నాను.

నేను కూడా ఉద్యోగ విరమణ చేసిన ఏడాది, అప్పటికి ఎనభై దాటిన రసాయన శాస్త్రం టీచరుగారి చిరునామా సంపాదించి, మెగ్నీషియం ప్రయోగం గురించి పైన మీకు రాసినట్టే పూసగుచ్చినట్టు రాశాను. రెండు వారాలకు జవాబు వచ్చింది. వణుకుతున్న అక్షరాలతో నాలుగే వాక్యాలు. ఆశీర్వచనం ఒకటి, ఆరోగ్యం గురించి ఒకటి. మిగిలిన రెండూ ఇవి: "మూసకు మూత పెట్టిన సంగతి నీవు రాయలేదు. మూత పెట్టి ఉంటే గాలి లోపలికి ఎలా వెళ్ళింది?"